దుప్పటి వెనక నుంచి చూసిన బొమ్మలు

మా తమ్ముడు రాజేశం పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికని సిరిసిల్ల వెళ్ళాను. చేతిలో సంచి ఇంకా కింద పెట్టకముందే వాడి మనుమడు అఖిల్ ఎదురొచ్చి, ఫోను నా మొహానికి దగ్గరగా పెట్టి, "అమ్మమ్మా, తాతను సూడు" అన్నాడు. చూశాను. నేత పనివాళ్ళ కార్డు కోసం ఎప్పుడో తీయించుకున్న ఫోటో అది. మా వాడిది మిగిలిన ఒకే ఒక మంచి ఫోటో. నేను చూస్తుండగానే ఆ ఫోటో రెప్పలు ఆర్పింది. గడ్డం కొంచెం పైకెత్తింది. పళ్ళు కనబడేలా నవ్వి, తిన్నగా నా కళ్ళలోకి చూసింది. నాకు ఏడుపు రావాల్సిన చోట అనుమానం వచ్చింది. "ఎవడ్రా వీడు?" అన్నాను. పిల్లవాడి మొహం చిన్నబోయింది. ఎంతో కష్టపడి తయారు చేశాడట. మర్నాడు కార్యానికి వచ్చే చుట్టాలందరికీ గోడ మీద పెద్దగా వేసి చూపించాలనుకున్నాడట. అందరికంటే ముందు వాళ్ళ నాయినమ్మకు, అంటే రాజేశం భార్య సత్తవ్వకు చూపించాలని ఆశపడుతున్నాడు. ఆమె ఇంకా చూడలేదు.

"తాత మొహం నిండ మచ్చలుండె గదరా, ఏమైనయి?" అని అడిగాను. "ఆప్ తీసేసింది అమ్మమ్మా." "మరి కుడి కన్ను?" "అది గూడ దానంతట అదే మంచిగ చేసింది. నేను చెప్పలే." "నువ్వు చెప్పకుంటే ఎవరు చెప్పిన్రు?" "ఎవ్వరు చెప్పలే. అట్లనే చేస్తదది" అన్నాడు, అదేదో దాని మంచితనం అన్నట్టు. మా తమ్ముడికి మూడేళ్ళ వయసు నుంచీ కుడి కన్ను కనబడదు. దాని మీద తెల్లటి పువ్వు పడింది. ఫోనులో మాత్రం రెండు కళ్ళూ నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. జర ఆగు, రేపు పొద్దటి దాకా మీ నాయినమ్మకు చూపించకు, నేను చెప్తాను అని వాడిని ఆపాను. వాడు సరేనన్నాడు గానీ, ఈ ముసలామెకు ఏమైందన్నట్టు నన్నే చూశాడు. ఆ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, బొమ్మలు కదలడం నేను మొదటిసారి చూసిన రోజు గుర్తుకొచ్చింది. మా తమ్ముడి కన్ను పోవడానికి కారణమైంది ఆ రోజే.

అనుమానం మా ఇంటి ఆస్తి. బాపు, అంటే మా నాన్న, ఆయన తల్లి బాపమ్మ నాకిచ్చి పోయింది అదొక్కటే. ఇప్పటికీ హైదరాబాదులో ఏ బట్టల దుకాణానికి వెళ్ళినా చీర ముందువైపు నేను చూడను. మడత విప్పి తిరగేసి, వెనక దారాలు ఎక్కడ తెగాయో, ముడులు ఎక్కడ పడ్డాయో చూస్తాను. దుకాణం పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. పాలవాడి మాట, పత్రికలో అచ్చయిన మాట, డాక్టరు రాసిచ్చిన మందు, ఆఖరికి నా కథ బాగుందని ఎవరైనా ఫోను చేసి చెప్పిన మెప్పు కూడా ఒకసారి తిరగేసి చూసుకుంటే గానీ నాకు నిద్ర పట్టదు. బాపమ్మ అట్లా పెంచింది. ఆమె అన్నం ముద్దను కూడా వేళ్ళతో విప్పి చూసుకుని తినేది. చుట్టం పక్క ఊరి నుంచి వచ్చినా, ఏ పని మీద వచ్చాడో తేలేదాకా మంచినీళ్ళు ఇచ్చేది తప్ప మాట ఇచ్చేది కాదు.

నా చిన్నప్పటికి మా వాడకు సాంచెలు రాలేదు. ఇప్పుడు వీధి మొదట్లో అడుగు పెట్టగానే చెవులు హోరెత్తించే ఆ కరెంటు మగ్గాల మోత అప్పుడు లేదు. ఇంటింటా గుంట మగ్గాలే. నేల తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని, నాడెతో పోగు విసురుతూ బాపు నేసేవాడు. పొద్దున లేచేసరికి వీధి పొడుగునా పడుగు దారాలు సాపి, కూచ కుంచెలతో గంజి పట్టిస్తుండేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, వేపపుల్లల వాసన కలిసి మా వాడకు ఒక వాసన ఉండేది. కళ్ళు మూసుకుని నడిచినా మా ఇల్లు దొరికేది. బాపమ్మ రాట్నం ముందు కండెలు చుడుతూ, వచ్చేపోయేవాళ్ళను కనిపెడుతూ కూర్చునేది. మా అవ్వ, అమ్మను మేము అవ్వ అనే అంటాం, ఒక చేత్తో పొయ్యి చూసుకుంటూ ఇంకో చేత్తో ఆసు మీద నూలు పోసేది. రాజేశం ఉయ్యాల మగ్గం పైన దూలానికే కట్టి ఉండేది. మగ్గం చప్పుడు వినబడుతున్నంతసేపూ వాడు నిద్రపోయేవాడు. బాపు చుట్ట వెలిగించుకోవడానికి ఆపాడంటే చాలు, లేచి కూర్చునేవాడు.

మాకు బొమ్మలంటే పటమే. పటం కథ చెప్పే కూనపులి నర్సయ్య తాత పంటలు ఇంటికొచ్చే రోజుల్లో మా వాడకు వచ్చేవాడు. నేతవాళ్ళ పుట్టుక కథ చెప్పే హక్కు వాళ్ళ కులానిది. వినే హక్కు మాది. బారెడు వెడల్పు, వీధి పొడుగు ఉండే ఆ గుడ్డ పటాన్ని రెండు గుంజల మధ్య కట్టి, ఒక్కొక్క బొమ్మే కనబడేలా చుట్ట విప్పుతూ, బెత్తంతో చూపిస్తూ పాడేవాడు. కథ మొదలుపెట్టేముందు మాత్రం ఒక పని తప్పకుండా చేసేవాడు. పటాన్ని కళ్ళకద్దుకుని, ఇది ఫలానా ఊళ్ళో ఫలానా నకాశీ ఇంట్లో పుట్టింది, ఫలానా ఆయన చేత్తో కండ్లు తెరిచింది, దీంట్ల తప్పుంటే నన్ను అడుగుండ్రి అని గట్టిగా చెప్పేవాడు. నకాశీలంటే పటాలు రాసేవాళ్ళు. రంగులన్నీ వేసి, నగలన్నీ పెట్టి, కళ్ళు మాత్రం ఆఖరుకు మంచి గడియ చూసి దిద్దుతారట. కళ్ళు దిద్దేదాకా అది గుడ్డ. దిద్దిన తర్వాత దానికి దీపం పెట్టాలి. ఇంత చెప్పినా బాపమ్మ ఊరుకునేది కాదు. కథ అయిపోయాక పటం దగ్గరికి పోయి, అంచు పట్టుకుని వెనక్కి మలిపి చూసేది. చింతగింజల జిగురు పట్టిన మొరటు గుడ్డను వేలితో గీకి, "గట్టిదే" అనేది. నర్సయ్య తాత ఏటేటా నవ్వేవాడు. "అక్కా, నీ తమ్మునన్న నమ్ము, లేకుంటే పటమన్న నమ్ము" అనేవాడు. "నేనిద్దర్ని నమ్మ. ఒకరికొకరు సాచ్చెమని కూసుంటున్న" అనేది బాపమ్మ.

అట్లాంటి వాడకు ఒక సాయంత్రం సర్కారు వారి సినిమా బండి వచ్చింది. బొమ్మల సినిమా అన్నారు. మనుషులు వేసే వేషాలు కాదు, గీసిన బొమ్మలే కదులుతాయట, పరుగెత్తుతాయట. తెర కట్టడానికి దుప్పటి కావాలంటే, బాపు మగ్గం మీంచి అప్పుడే దిగిన కొత్త దుప్పటి ఇచ్చాడు. దాన్ని వాపసు ఇస్తారో లేదోనని బాపమ్మ గొణుగుతూనే ఉంది. బొమ్మ రెండువైపులా కనబడాలని దుప్పటిని నీళ్ళతో తడిపారు. మగవాళ్ళు ముందువైపు కూర్చున్నారు. ఆడవాళ్ళం, పిల్లలం, వెనకవైపు. మా దగ్గర బుర్రకథకైనా బాగోతానికైనా ఆడవాళ్ళు కూర్చోవడం వేరే దిక్కే, అందులో ఎవరికీ వింత లేదు. మైకు పట్టుకుని తెలుగులో చెప్పే మనిషి మగవాళ్ళ ముందు నిలబడ్డాడు. లౌడు స్పీకరు వాళ్ళ వైపే తిరిగి ఉంది. కరెంటు పుట్టించే ఇంజన్ మాత్రం మా వెనక పెట్టారు. దాని మోతలో మాకు ఒక్క ముక్క వినబడలేదు.

నేను చూసింది చెప్తాను. కిరీటం పెట్టుకుని, జుట్టు విరబోసుకుని, పెద్ద పెద్ద కళ్ళతో ఒక బొమ్మ ఊళ్ళోకి వచ్చింది. అది ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో పిల్లల ఒంటి మీద చుక్కలు పొడుచుకొచ్చాయి. తర్వాత తెల్ల కోటు వేసుకున్న ఒక పొట్టి బొమ్మ తనకంటే పొడుగైన సూదిని ఎత్తుకుని దాని వెంటపడింది. ఊరంతా తరిమి తరిమి, పొలిమేర దగ్గర ఆ సూదితో ఒక్క పోటు పొడిచింది. కిరీటం ఎగిరి పడింది. ముందువైపు మగవాళ్ళు విరగబడి నవ్వారు. వెనకవైపు ఒక్కరూ నవ్వలేదు. మా దిక్కు నుంచి చూస్తే తెరమీద బొమ్మ తారుమారుగా పడుతుంది కదా, ఆ తెల్ల కోటు బొమ్మ సూదిని ఎడమ చేత్తో పట్టుకుంది. ఎడమ చేత్తో పొడిచింది. మాకు స్ఫోటకం ఒక రోగం కాదు. అది పోచమ్మ తల్లి పోసేది. పిల్లలకు వస్తే "అమ్మ పోసింది" అంటాం, చేతులు జోడిస్తాం. ఆ తల్లిని ఎవడో ఎడమ చేత్తో పొడిచి ఊరవతల పడేశాడు. మా వాడ ఆడవాళ్ళు చూసిన సినిమా అది. నా పక్కనున్న బాపమ్మ లేచి, తడి దుప్పటి దగ్గరికి పోయి, వేళ్ళతో దాన్ని తడిమింది. ఆమె చేతి మీద బొమ్మ పాకింది. ముందువైపుకు పోయి చూసొచ్చి, "గీ బొమ్మకు ఎన్క లేదు" అంది. ఆమె గొంతులో భయం వినడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు ఇంట్లో పెద్ద గొడవ. టీకాలు వేయడానికి సాబ్ వస్తున్నాడు. నాకు బడిలో పంతులు ముందే వేయించాడు. రాజేశానికి వేయించాలి. "అవ్వా, నేను ముంగట కూసున్న. గది రాచ్చసుడు. మీసాలున్నయి. రోగాన్ని గట్ల గీసిన్రని మైకుల చెప్పిండు" అన్నాడు బాపు. "మీసాల్లేవు. పసుపు రాసుకున్న మొకం. నా కండ్లతోని సూసిన" అంది బాపమ్మ. ఆ సినిమాలో నలుపూ తెలుపూ తప్ప రంగే లేదు. అయినా వాడలో ప్రతి ఆడమనిషీ పసుపు మొహాన్నే చూసింది. "సూది కుడి చేత్తోనే పట్టిండే" అన్నాడు బాపు. "ముంగటి దిక్కు అందరికి మంచిగనే కనవడ్తది కొడుకా. బట్టను ఎన్కకు మలిపి సూసెటోళ్ళం మనం. నువ్వే గిట్ల మాట్లాడ్తె ఎట్ల? గా బొమ్మలను గీసిందెవలు? కండ్లు తెరిచిందెవలు? తప్పుంటే ఎవల్ని అడగాలె? నర్సన్న పటం పట్టుకొని ముంగట నిలవడ్తడు. దీనికెవడు నిలవడ్డడు? మోత చేసుకుంట వచ్చిండ్రు, మోత చేసుకుంట పోయిండ్రు" అంది ఆమె. బాపు లేచి మగ్గం గుంటలోకి దిగాడు. మా అవ్వ ఇద్దరి మధ్యా నిలబడి పిల్లాడిని గుండెకు అదుముకుంది. ఆ వారంలోనే పక్క ఊరిలో కథ చెప్పడానికి వెళ్తూ నర్సయ్య తాత మా ఇంట్లో ఆగాడు. బాపమ్మ అడిగిన దానికి, "పూచీ లేని బొమ్మలు అక్కా అవి, నేను చెప్పేదేముంది" అని గడ్డం గీక్కున్నాడు. ఆయన మాట బాపమ్మకు ముద్ర పడ్డంత అయింది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఆయన మీద కూడా అనుమానమే. ఎప్పుడూ కదలని బొమ్మలు చూపించి బతికే మనిషి, కదిలే బొమ్మలను మంచివని ఎందుకంటాడు?

టీకాల సాబ్ పేరు మహబూబ్. మా పక్క గల్లీ మనిషే. వాళ్ళ ఇంట్లో ఉర్దూ, వీధిలో మా తెలుగు. బాపమ్మ రాజేశాన్ని మగ్గం గుంటలో కూర్చోబెట్టి, పైన పడుగు మీద దుప్పటి కప్పి, నన్ను వాకిట్లో నిలబెట్టింది. మహబూబ్ సాబ్ సైకిల్ స్టాండు వేసి, "అవ్వా, పోరడేడి?" అన్నాడు. "అమ్మమ్మ ఇంటికి పోయిండు, వేములవాడకు" అంది బాపమ్మ. లోపల గుంటలో వాడు కిచకిచ నవ్వాడు. వాడికి అది దాగుడుమూతలాట. నవ్వు వాకిలి దాకా వినబడింది. మహబూబ్ సాబ్ నా వైపు చూశాడు, బాపమ్మ వైపు చూశాడు. "అవ్వా, నీ మనుమడు నాకు పరాయోడా? జర సోంచాయించు. బీమారి మజాక్ కాదు" అన్నాడు. "మా తల్లి సంగతి మాకెరుకనే. నువ్వు ఫికర్ జెయ్యకు" అంది బాపమ్మ. ఆయన గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. గల్లీలో అన్ని ఇళ్ళ తలుపులూ అట్లానే మూసి ఉన్నాయి. చివరికి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఎండలు ముదిరాక రాజేశానికి జ్వరం వచ్చింది. తర్వాత ఒళ్ళంతా పోసింది. గుమ్మానికి వేప మండలు కట్టారు. ఇంట్లో తాలింపు వాసన రాకూడదు, చెప్పులతో ఎవరూ లోపలికి రాకూడదు. తల్లికి చప్పుడు పడదని బాపు మగ్గం ఆపేశాడు. మగ్గం ఆగితే వాడికి నిద్ర రాదు. ఒంటి మీద గుడ్డ పెడితే అంటుకుపోతోంది, తీస్తే చర్మం వస్తోంది. వాడు అరిచే ఓపిక కూడా లేక మూలుగుతుంటే, బాపు మగ్గం గుంటలో దిగి కూర్చుని, నాడె కదలకుండా నోటితో టకటక టకటక అని మగ్గం చప్పుడు చేసేవాడు. బాపు ఏడవడం నేను చూడలేదు. ఆ చప్పుడు చేస్తున్నప్పుడు మాత్రం ఆయన మొహం చూడలేక బయటికి పోయేదాన్ని. బాపమ్మ వాడి పక్కనుంచి లేవలేదు. వేపమండతో విసురుతూ, "తల్లీ, సల్లగ సూడు, తప్పయితె నాది, పోరనిది కాదు" అని ఒకటే మాట. వాడు బతికాడు. కళ్ళ పుసి కడిగి రెప్పలు విప్పి చూసిన రోజు కుడి కన్ను మీద తెల్లగా పువ్వు ఉంది. మా అవ్వ ఒక్క కేక పెట్టింది. బాపమ్మ చేతిలోని వేపమండ కింద పెట్టింది.

ఆ తర్వాత నర్సయ్య తాత వాడిని చూడటానికి వచ్చాడు. పిల్లాడు దిగులుగా ఉన్నాడని, వాడొక్కడి కోసమే పటం కొంచెం విప్పాడు. రాజేశం మంచం మీద నుంచి మెడ బాగా తిప్పి, ఎడమ కంటితో చూశాడు. మా పటాల్లో బొమ్మలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి. రాజు పక్కకు, రాణి పక్కకు, ఏనుగు కూడా పక్కకే. "తాతా, వీళ్ళకు గూడ ఒక్కటే కన్ను" అన్నాడు వాడు, సంతోషంగా. నర్సయ్య తాత పాట ఎత్తుకోకుండానే బెత్తం కింద పెట్టేశాడు. పటం చుట్టుకుని, బాపమ్మ మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

మహబూబ్ సాబ్ మళ్ళీ వచ్చినప్పుడు వాడలో ఎవరూ ముందుకు రాలేదు. తలుపుల వెనక నిలబడి చూస్తున్నారు. బాపమ్మ రాట్నం పక్కకు జరిపి లేచి, వీధి మధ్యకు పోయి, రవికె చెయ్యి పైకి లాక్కుని నిలబడింది. ఆ వయసులో ఆమెకు టీకా ఏం అవసరమో నాకు తెలియదు. గుండ్రటి పళ్ళ సూది తీసి ఆయన దగ్గరికి రాగానే ఆమె కళ్ళు ఆయన చేతి మీదికి పోయాయి. ఆయన అర్థం చేసుకున్నాడు. "సూస్కో అవ్వా, కుడి చెయ్యే" అని సూది ఆమె కళ్ళముందు పెట్టి చూపించాడు. ఆమె తల ఊపింది. ఆయన సూది చర్మం మీద ఆనించి తిప్పాడు. ఆమె పళ్ళు కరుచుకుని, తలుపుల వెనక ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ చూసింది. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఇంటికొచ్చి మళ్ళీ కండెలు చుట్టుకుంది.  

రాజేశానికి మాత్రం బొమ్మల సినిమా అంటే ప్రాణం అయింది. నాకది ఎప్పటికీ అర్థం కాలేదు. ఊరికి డేరా టాకీసు వస్తే, అసలు సినిమాకు ముందు వేసే ఆ కాసేపు గీతల బొమ్మల కోసమే వాడు పోయేవాడు. పిల్లి పళ్ళెంలా చదునై మళ్ళీ లేస్తే, కొండ మీంచి పడ్డ కుక్క దులుపుకుని నడిస్తే వాడు చప్పట్లు కొట్టేవాడు. నాకు అప్పుడూ చిరాకే. పడ్డవాళ్ళకు దెబ్బ తగలని లోకం ఎవరిని మోసం చేయడానికి అనిపించేది. ఒకరోజు నా ఎక్కాల పుస్తకం మూలల్లో వాడు కోడిని గీశాడు. ఒక్కో కాగితం మీద ఒక్కో కోడి, కాలు ఇంచుకంత జరుగుతూ. బొటనవేలితో కాగితాలు జారవిడిస్తే కోడి పరుగెత్తింది. పక్కకు తిరిగిన కోడి, ఒక్కటే కన్ను. నేను పుస్తకం పాడుచేశాడని కొట్టబోతే బాపమ్మ అడ్డం వచ్చి, పుస్తకం తీసుకుంది. పరుగెత్తించి చూసింది. తర్వాత ఒక్కో కాగితం విడదీసి, ఆగిన కోడిని చూసింది, దాని వెనకవైపు నా ఎక్కాలు చూసింది. "గీసినోడు నా ముంగటనే ఉన్నడు. ఆగుమంటె ఆగుతది. దీనికి ఎన్క గూడ ఉన్నది" అని వాడి తల నిమిరింది. ఆమె చెయ్యి వాడి కుడి కన్ను మీద కొంచెంసేపు ఆగింది. వాడు మెడ తిప్పి ఆమెను చూశాడు.

పెద్దయ్యాక, ఊరు విడిచాక, ఆ బొమ్మలు ఎట్లా చేస్తారో ఒకచోట కళ్ళారా చూశాను. వెలుగు పడే అద్దం మీద కాగితం పెట్టి, దాని మీద ఇంకో కాగితం పెట్టి, రోజంతా గీసినా రెప్పపాటు కదలికే అవుతుందని అక్కడి మనిషి చెప్పాడు. మా బాపు పోగు పోగుకూ నాడె విసిరి బెత్తెడు బట్ట దించినట్టే. అప్పుడు నాకు ఆ పని మీద గౌరవం కలిగింది, అనుమానం మాత్రం పోలేదు. ఎవరో ఒక మనిషి, ఎక్కడో కూర్చుని, మా పోచమ్మ సంగతి తెలియక, ఆ కిరీటం గీశాడు. మంచికే గీశాడు. మా మేలు కోరే గీశాడు. దుప్పటికి వెనకవైపు ఎవరు కూర్చుంటారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. బాపమ్మ అడిగిన ప్రశ్న తప్పు కాదు, ఆమెకు దొరికిన జవాబు తప్పు. ఆ తప్పుకు చెల్లించింది మాత్రం రాజేశం. అప్పుడు బొమ్మలు కదలాలంటే ఇంజనూ, బండీ, మైకూ, తడి దుప్పటీ, వీధి నిండా జనం కావాల్సి వచ్చింది. అనుమానపడటానికి కూడా తీరిక ఉండేది. లేచి వెనక్కి పోయి తడిమి చూడొచ్చు. ఇప్పుడు కదిలే బొమ్మలు అరచేతిలోనే పుడుతున్నాయి. టీవీలో పొద్దస్తమానం అవే. పిల్లలకు అన్నం పెట్టాలన్నా అవే కావాలి. చచ్చిపోయినవాళ్ళు రెప్పలు ఆర్పుతున్నారు. ఫోను తిరగేస్తే వెనక నల్లటి అట్ట, అంతే.

ఆ రాత్రి భోజనాలు కాకముందే, అఖిల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పి, నాకు తోచింది కూడా చెప్పాను. చూపించాలనుకుంటే చూపించు, కానీ నర్సయ్య తాత లాగా చూపించు. ముందు నిలబడి, ఇది నేను చేసింది, కన్ను యంత్రం పెట్టింది, మచ్చలు యంత్రం తీసింది, తప్పుంటే నన్ను అడగండి అని చెప్పు. కథంతా విన్నాడు కాబట్టి వాడు ఈసారి నన్ను వింతగా చూడలేదు. "నేనే పూచీ ఉంట అమ్మమ్మా" అన్నాడు. వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న సత్తవ్వ దగ్గరికి పోయి, అచ్చం ఆ మాటలే చెప్పి, ఫోను ముందు పెట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఆమె ఏడుస్తుందేమోనని, సంతోషపడుతుందేమోనని, రెండూ నాకు భయమే.

సత్తవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని చూసింది. మళ్ళీ వేయమంది. మళ్ళీ చూసింది. "మంచిగున్నడు" అంది. అఖిల్ మొహం వెలిగింది. ఆమె నా వైపు తిరిగి, "వదినె, మీ తమ్ముడు అన్నం తినేటప్పుడు నేను ఏ దిక్కు కూసుంటుంటినో నీకు యాదికున్నదా?" అంది. ఆలోచించాను. ఎప్పుడు వచ్చినా చూసిందే. వాడు పీట మీద, ఆమె పొయ్యి దగ్గర, వాడికి కుడి పక్కన. కన్ను లేని పక్కన. నిజంగా నాకు అప్పుడే తట్టింది, ఇన్నేళ్ళూ ఆమె పొయ్యి ఆ మూలనే కావాలనే పెట్టుకుందని.

"ఎడమ దిక్కు జాగ ఉండె. మీ బాపు గూడ చెప్పిండు, అటు కూసో బిడ్డా, ఆనికి కనవడ్తవని. నేనే కూసోలే" అంది సత్తవ్వ. "కుడి దిక్కుంటే, నన్ను సూడాల్నంటే మెడ మొత్తం తిప్పాలె. తిప్పెటోడు. ముద్ద ముద్దకు తిప్పెటోడు. గంత పని పెట్టుకొని నన్ను సూస్తుండని నాకు మస్తు సంబురముండె."

ఆమె ఫోనును పిల్లవాడి చేతిలో పెట్టి, చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళోకి లాక్కుంది. ఫోనులో ఆ మనిషి ఇంకా రెండు కళ్ళతో తిన్నగా చూస్తూ నవ్వుతూనే ఉన్నాడు.

"గీయన నన్ను సూస్తలేడు బిడ్డా" అంది.